మందం చూసి మురిసిపోకండి: పెద్ద కత్తి గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు వెనకబట్టాక కంచెలు బాగుచేసుకునేవాళ్లు, చలికాలంలో నాలుగు రోజులు బయట గడుపుదామనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: తక్కువ ధరలో మంచి పెద్ద కత్తి ఏది? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. పెద్ద కత్తి అంటే పిడిలోకి మడత పడనిది, అలుగు ఆరంగుళాలు దాటినది అని అర్థం చేసుకోండి.

ప్రశ్న: నాకు రెండెకరాల మామిడితోట ఉంది. కొమ్మలు కొట్టడానికి, కంచె పక్క తుప్పలు నరకడానికి, ఎప్పుడైనా మిత్రులతో రాత్రి బయట ఉంటే కట్టెలు చీల్చడానికి ఒకటే కత్తి కావాలి. ఆన్‌లైన్‌లో పదంగుళాల అలుగు, ఆరు మిల్లీమీటర్ల మందం, వెన్ను మీద రంపప్పళ్లు ఉన్న నల్లటి ‘మిలిటరీ’ కత్తి పద్దెనిమిది వందలకు కనిపించింది. తీసుకోమంటారా?
– కె.వి., నూజివీడు

వద్దు. మీరు రాసిన వివరాల్లో పనికొచ్చేది ఒక్క పొడవే, అదీ అవసరానికి కాస్త ఎక్కువ.

మందంతోనే మొదలుపెడదాం. 25 సెం.మీ. పొడవు, 4.5 సెం.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న ఉక్కు పట్టీ దాదాపు 530 గ్రాములు తూగుతుంది. అదే పట్టీ 4 మి.మీ. మందమైతే 350. అంచు కోసం అరగదీసింది తీసేసి, పిడి కలుపుకున్నా తేడా తేడాగానే ఉంటుంది. ఆ అదనపు బరువు సంగతి పావుగంట నరికేసరికి మణికట్టే చెబుతుంది. కొట్టే పనికి బరువు కావాలి, నిజమే. కానీ ఆ బరువు ఉండాల్సింది అలుగు ముందుభాగంలో, వెన్ను పొడవునా కాదు. మన మచ్చుకత్తి మొన దగ్గర వెడల్పై, ముందుకు వంగి ఉండేది ఇందుకే. దాన్ని తయారుచేసినవాళ్లకు ఈ లెక్క ఏ పుస్తకమూ చెప్పలేదు.

మందం కన్నా ముఖ్యమైనది అంచుకు కాస్త పైన అలుగు ఎంత లావుగా ఉందన్నది. అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వెర్నియర్ పెట్టి కొలవండి. నరికే కత్తికి అక్కడ 0.6 నుంచి 0.8 మి.మీ. ఉంటే బాగా దిగుతుంది. కూరగాయల కత్తికి ఇందులో సగం. వెర్నియర్ లేకపోతే రూపాయి బిళ్ళ పక్కన పెట్టి చూడండి, అది సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంచు పైన ఆ బిళ్ళంత లావుంటే ఆ కత్తి కొమ్మను కోయదు, చితక్కొడుతుంది. చవకరకం ఆరు మిల్లీమీటర్ల కత్తుల్లో ఇదే జరుగుతుంది: వెన్ను నుంచి సగం దాకా అరగదీయకుండా వదిలేసి, చివరి సెంటీమీటరులో నిటారుగా అంచు పెడతారు. అలా చేస్తే పని తగ్గుతుంది, ఫొటోలో కత్తి భీకరంగా కనిపిస్తుంది. కొమ్మలో మాత్రం ఇరుక్కుపోతుంది.

రంపప్పళ్ల సంగతి. నిజమైన రంపంలో పళ్లు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వంగి ఉంటాయి. అందువల్ల కోత అలుగు కన్నా వెడల్పవుతుంది, రంపం బిగుసుకోదు. కత్తి వెన్ను మీద గాట్లు పెట్టిన పళ్లకు ఆ వంపు ఉండదు. సెంటీమీటరు లోతు దిగేలోపే పట్టేస్తాయి. పైగా కట్టెలు చీల్చేటప్పుడు వెన్ను మీద కర్రతో కొడతారు కదా, ఆ పళ్లు కర్రను నమిలేస్తాయి. నల్లరంగు పూత తుప్పును కొంత ఆపుతుంది, కానీ చవక కత్తుల్లో అది సాన గీతలనూ వంకరనూ కప్పే ముసుగు కూడా. ఇక పిడి గొట్టంలా ఉండి, మూత తిప్పితే లోపల అగ్గిపుల్లలు, గాలం దొరికే రకమైతే అటు చూడనే చూడకండి. అందులో అలుగు వెనుక పిడిలోకి దిగే తోక రెండంగుళాలు కూడా ఉండదు, ఒక నట్టు మీద నిలబడి ఉంటుంది.

మీ పనికి సరిపోయే కొలతలు ఇవి: అలుగు ఎనిమిది అంగుళాలు, తొమ్మిదిలోపే ఉండాలి (కారణం ఇంకో జవాబులో ఉంది). వెన్ను మందం 3.5 నుంచి 4.5 మి.మీ. వెడల్పు నాలుగు నుంచి ఐదు సెం.మీ. పిడితో కలిపి బరువు 350 నుంచి 450 గ్రాములు. చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టినప్పుడు పిడికి మూడు నాలుగు వేళ్ల ముందు సమంగా తూగితే అది నరకడానికి పుట్టింది. పిడి దగ్గరే తూగితే కోతకు బాగుంటుంది, కొట్టడానికి చప్పగా ఉంటుంది.

ఒక మాట. మణికట్టు లావు దాటిన మామిడి కొమ్మను కత్తితో కొట్టకండి. మోడు చీలి, బెరడు కిందిదాకా ఊడి, అక్కడ తెగులు పడుతుంది. మడత రంపంతో కోసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి. పద్దెనిమిది వందల్లో సగం కత్తికి, సగం రంపానికి పెడితే మీ తోటకు రెండింతలు మేలు.

ప్రశ్న: మా ఊళ్లో కమ్మరి ఇంకా కొలిమి నడుపుతున్నారు. లారీ కమాన్ పట్టీ తెస్తే కత్తి చేసిస్తానన్నారు. ఆయనకు ఏం చెప్పాలి? నేను ఏం చూసుకోవాలి?
– ఎమ్.ఎస్., హుస్నాబాద్

పెద్ద కత్తికి కమాన్ పట్టీని మించిన చవక ఉక్కు లేదు. మన దగ్గర దొరికేది ఎక్కువగా ఈఎన్-45 అనే సిలికాన్, మాంగనీస్ కలిసిన రకం, లేదా సప్-9 వంటి క్రోమియం రకం. అమెరికాలో వాడే 5160 కూడా ఈ కుటుంబమే. అన్నిటిలోనూ కార్బన్ నూటికి 0.5 నుంచి 0.65 మధ్య ఉంటుంది. దెబ్బకు తట్టుకుంటుంది, విరగదు, పదునూ నిలబెడుతుంది.

చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, పట్టీని గ్రైండరుతో కత్తి ఆకారంలో కోసి, అంచు పెట్టి, ‘స్ప్రింగే కదా, గట్టిదే’ అని ఇచ్చేయడం. స్ప్రింగు పని వంగి లేవడం. అందుకని ఫ్యాక్టరీలో దాన్ని గట్టిపరిచాక 450 డిగ్రీల చుట్టుపక్కల మళ్లీ కాచి మెత్తబరుస్తారు. ఉక్కు గట్టిదనానికి వాడే రాక్‌వెల్ సి కొలతలో అది 42 నుంచి 48 దాకా ఉంటుంది. కత్తి అంచుకు 55 నుంచి 57 కావాలి. అంటే కొత్తగా పదును పట్టించక, అంటే కాచి ముంచి గట్టిపరచక తప్పదు. కొలిమిలో కాచి సాగగొట్టినా అంతే: పాత గట్టిదనం పోతుంది, కొత్తది ఇవ్వాలి.

పట్టీ ఎంచుకోవడం: పెద్ద లారీ పట్టీలు పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటాయి, సాగగొట్టడానికి సమ్మెట మనిషి కావాలి. జీపు, ట్రాలీ ఆటోల పట్టీ ఆరేడు మిల్లీమీటర్లే, దాన్ని ఐదుకు దించడం తేలిక. వాడి పారేసిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండొచ్చు. ముఖ్యంగా మధ్య బోల్టు రంధ్రం చుట్టూ, విరిగిన చోటుకు దగ్గర్లో. ఆ రెండు భాగాలూ వదిలేసి మిగతాది వాడమనండి. కమాన్లు బిగించే షాపులో కొత్త పట్టీ కోసిన ముక్క దొరికితే ఇంకా మంచిది.

పని వరుస ఇలా ఉంటే కత్తి బాగా వస్తుంది. ఆకారం వచ్చాక అంచును పూర్తిగా పలచన చేయకూడదు. 1.2 నుంచి 1.5 మి.మీ. మందం వదలాలి, లేకపోతే ముంచినప్పుడు అంచు అలల్లా వంకర్లు పోతుంది, లేదా చిట్లుతుంది. తర్వాత అలుగును అయస్కాంతం అంటుకోనంత వరకు కాచి, గాలిలో దానంతట అది చల్లారనివ్వాలి. ఇలా మూడుసార్లు. సుత్తిదెబ్బల ఒత్తిడి ఇందులో పోతుంది, లోపలి రేణువు సన్నబడుతుంది. హడావిడిలో ఎగరగొట్టేసేది ఈ మెట్టునే.

అయస్కాంతం పట్టు వదిలేది 770 డిగ్రీల దగ్గర. గట్టిపరచడానికి అంతకంటే ఒక్క ఛాయ ఎక్కువ వేడి చాలు, 830 దగ్గరికి. పగటి వెలుతురులో ఆ రంగు సరిగా తెలియదు. సాయంత్రం పూట లేదా చీకటి మూలలో చూడాలి. పసుప్పచ్చగా మెరిసే దాకా కాల్చారంటే రేణువులు ఉబ్బిపోయినట్టే. ముంచడానికి నాలుగైదు లీటర్ల వేరుశనగ నూనె, ముందుగా 50, 60 డిగ్రీలకు వేడిచేసి, లోతైన ఇనప డబ్బాలో. చన్నీళ్లలో ముంచితే ఈ ఉక్కు ‘టింగ్’మని పగలొచ్చు. పాత ఇంజన్ ఆయిల్ వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. మూత, ఇసుక బకెట్ పక్కనే ఉంచమనండి, నూనె అంటుకుంటుంది. అలుగును నిలువుగా దించి ముందుకూ వెనక్కూ కదపాలి, పక్కలకు ఊపితే వంగుతుంది.

తీశాక కొత్త ఆకురాయితో అంచు మీద గీయండి. గాజు మీద జారినట్టు జారితే గట్టిపడింది. పట్టి కొరికితే మళ్లీ కాల్చాలి. జారిందంటే ఇప్పుడది గాజంత పెళుసుగానే ఉందని గుర్తుంచుకోండి. కింద పడితే రెండు ముక్కలవుతుంది. గంటలోపే తిరిగి కాయాలి. ఇంట్లో పెద్ద ఓవెన్ ఉంటే 200 నుంచి 220 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు. లేకపోతే పాత పద్ధతి: గరుకు కాగితంతో అలుగును తెల్లగా తోమి, బాగా కాలిన లావాటి ఇనపదిమ్మె మీద వెన్ను ఆనించి పట్టుకోవాలి. వెన్ను నుంచి రంగులు పాకుతూ వస్తాయి, ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. వెన్ను నీలమై, అంచుకు ముదురు గడ్డి రంగు చేరగానే నీళ్లలో ముంచేయాలి. ఒక్క నిమిషం ఏమరితే అంచు కూడా నీలమవుతుంది, అది మెత్తబడ్డ గుర్తు.

ఆయన మీద నమ్మకం ఉన్నా సరే, అదే పట్టీ నుంచి వేలెడు ముక్క ఒకటి అడిగి, అదే వేడిలో అదే నూనెలో ముంచి, వైస్‌లో బిగించి విరగ్గొట్టించండి. విరిగిన చోటు బూడిదరంగు వెల్వెట్‌లా నున్నగా ఉండాలి. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైందని అర్థం. కత్తిని మళ్లీ మూడుసార్లు గాలిలో చల్లార్చి మొదలుపెట్టాలి.

తోక గురించి కూడా ముందే చెప్పండి. అలుగూ తోకా ఒకే పట్టీలోంచి రావాలి. కడ్డీని వెల్డింగ్ చేసి తోకగా పెడితే వెల్డింగుకు ఆనుకుని ఉన్న చోటే ఏదో ఒక రోజు విరుగుతుంది. తోక మొదలయ్యే మూలలు నిలువు కోతగా కాకుండా పెన్సిల్ దూరేంత గుండ్రంగా ఉండాలి. పగులు పుట్టేది మూలల్లోనే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న కత్తితో నాలుగు ఎండు తుమ్మకొమ్మలు కొట్టగానే అంచు మీద అక్కడక్కడా తళుకులు కనిపిస్తున్నాయి. అమ్మినవాళ్లు ‘తుమ్మ గట్టిది, మీ తప్పే’ అంటున్నారు. నిజమా?
– ఆర్., కదిరి

ఎండు తుమ్మ గట్టిదే, కానీ దానికి తట్టుకోలేని కత్తిని పెద్ద కత్తి అని అమ్మకూడదు.

ముందు జబ్బేమిటో తేల్చండి. పదునైన అంచు వెలుతురును తిప్పి కొట్టదు. తళుకు కనిపించిన చోటల్లా అంచు పోయినట్టే. అది మడతపడిందా, చిట్లిందా? గోటిని వెన్ను వైపు నుంచి అంచు వైపు మెల్లగా జార్చండి, రెండు పక్కలా. ఒక పక్క గోరు తట్టుకుని, రెండో పక్క నున్నగా జారితే అంచు మడతపడింది. అంటే ఉక్కు మెత్తన, లేదా అంచు మరీ పలచన. చంద్రవంకలా నెర్రె కనిపిస్తే చిట్లింది. ఉక్కు పెళుసు, లేదా ఇరుక్కున్న కత్తిని పక్కకు మెలితిప్పి లాగారు. ఈ రెండో పని అందరూ చేస్తారు. ఇరుక్కుంటే వెన్ను పొడవునా పైకీ కిందికీ ఆడించి తీయాలి.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఫ్యాక్టరీలో చివరి అంచు పెట్టేటప్పుడు బెల్టు వేడికి ఆ సన్నని చివర కాలిపోతుంది. లోపలి ఉక్కు బాగానే ఉన్నా, మొదటి అర మిల్లీమీటరు చెడి ఉంటుంది. కాబట్టి వాపసు పంపేముందు రెండు మూడుసార్లు సాన పట్టి చూడండి. ఒక్కోవైపు 20 నుంచి 22 డిగ్రీల కోణంలో. అప్పుడూ అదే తంతైతే ఉక్కుదే తప్పు.

నిర్ధారణకు ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ఒకటి వైస్‌లో పడుకోబెట్టి, అంచును సాన కోణంలోనే వాల్చి ఆనించి, చేతి బలంతో నొక్కండి. వెలుతురు వెనక నుంచి రావాలి. కడ్డీ తగిలిన చోట అంచు చిన్న ఉబ్బులా వంగడం కనిపిస్తుంది. ఒత్తిడి తీయగానే తిన్నగా లేస్తే కత్తి మంచిది. వంగి ఉండిపోతే మెత్తన, విరిగితే పెళుసు. మీ వివరణ బట్టి మెత్తన రకమే అనిపిస్తోంది. ప్యాకెట్ మీద ‘సర్జికల్ స్టీల్’ అని ఉంటే అదేమీ ఉక్కు తరగతి పేరు కాదు. 1075, 1095, 5160 అనో, 420 అనో అంకె రాయని అమ్మకందారుతో బేరం పెట్టుకోకండి.

ప్రశ్న: పెద్ద కత్తి కొంటే లైసెన్సు కావాలా? బైకు మీద పట్టుకెళ్తే పోలీసులు ఆపుతారా? నల్లమలలో ట్రెక్కింగుకు తీసుకెళ్లాలని ఉంది.
– టి.ఎన్., కర్నూలు

మూడు ప్రశ్నలకు మూడు జవాబులు.

1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో అలుగు తొమ్మిదంగుళాలకు మించి పొడవున్న, లేదా రెండంగుళాలకు మించి వెడల్పున్న కత్తులను, కుక్రీలతో సహా, ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. మచ్చుకత్తి, కొడవలి, బొండాల కత్తి అందులోకి వస్తాయి. పొలంలో, తోటలో వాటి గురించి ఎవరూ అడగరు. ‘టాక్టికల్’ అని పేరు పెట్టుకున్న పదంగుళాల కత్తికి ఆ వాదన చెల్లడం కష్టం. అందుకే తొమ్మిదిలోపు అన్నాం. వెడల్పు కూడా ఐదు సెంటీమీటర్లలోపు ఉంచుకుంటే గొడవ లేదు.

బైకు మీద నడుముకు కట్టుకుని ఊరేగకండి. ఒరలో పెట్టి, గోనెలో చుట్టి, పనిముట్ల సంచిలో అడుగున పెట్టండి. బిల్లు ఉంచుకోండి. ఎన్నికలప్పుడూ, గొడవలున్నప్పుడూ నిషేధాజ్ఞలు పెడతారు. ఆ రోజుల్లో పని లేకుండా తీసుకెళ్లనే వద్దు. విమానంలో చేతిసంచిలో పనికిరాదు, చెక్-ఇన్ సామానులోనే.

నల్లమల విషయం అన్నిటికన్నా తేలిక: తీసుకెళ్లకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షను ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ఆ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన అర్థంలో కత్తులు కూడా ఉన్నాయి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి, కవ్వాల్‌కు, పాపికొండలకు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ నిప్పు రాజేయడమూ నేరం, కొమ్మ కొట్టడమూ నేరం. అవి రెండూ చేయనప్పుడు ఎనిమిదంగుళాల కత్తితో ఏం చేస్తారు? పండు కోసుకోవడానికి మూడంగుళాలది చాలు, అదీ ముందు ఫారెస్టువాళ్లను అడిగి.

ప్రశ్న: నేపాల్ కుక్రీ మంచిదా, మన మచ్చుకత్తి మంచిదా?
– పి., శ్రీకాకుళం

పని ఒకటే, దారులు వేరు. కుక్రీ కూడా ఎక్కువగా వాహనాల కమాన్ పట్టీలతోనే చేస్తారు. కామీలు, అంటే అక్కడి కమ్మరులు, దాన్ని ఎర్రగా కాల్చి, కేటిల్‌తో అంచు పొడవునా నీళ్లు పోస్తారు. అంచు గట్టిపడి, వెన్ను మెత్తగా మిగులుతుంది. నిజమైన కుక్రీ గొప్ప కత్తి. కానీ సాధారణంగా అలుగు పదంగుళాలు దాటుతుంది, చట్టంలో పేరు పెట్టి మరీ రాశారు. యాత్రాస్థలాల్లో గోడకు తగిలించుకోవడానికి అమ్మేవాటికి పదును పట్టించి ఉండరు. ఆకురాయి అంచుమీద జారుతుందా, కొరుకుతుందా చూస్తే అక్కడే తెలిసిపోతుంది.

కుక్రీని ఒరలోంచి తీసేటప్పుడు ఒరను అంచు వైపు వేళ్లు చుట్టి పట్టుకోకండి. చెక్క ఒర అతుకు విడిపోతే అలుగు దానిలోంచే వేళ్లలోకి వస్తుంది. వెన్ను వైపు పట్టుకోవాలి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. క్యాంపింగుకు వంద డాలర్ల లోపు పెద్ద కత్తి చూస్తున్నాను. ఇక్కడ దొరికే పేర్లు చెప్పగలరా? చట్టం ఎలా ఉంటుంది?
– వి.కె., టెక్సస్

చట్టం ముందు. టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి ఐదున్నర అంగుళాలు దాటిన కత్తిని పెద్దవాళ్లు తీసుకెళ్లడానికి అనుమతి ఉంది. స్కూళ్లు, ఆసుపత్రులు, ప్రార్థనాలయాలు వంటి కొన్ని చోట్లకు మాత్రం కుదరదు. గుడి కార్యక్రమం నుంచి నేరుగా క్యాంపుకు వెళ్తుంటే కత్తి సంగతి ముందే ఆలోచించుకోండి. పక్క రాష్ట్రానికి వెళ్తే అక్కడి నియమం వేరు.

అన్నిటికన్నా చవక బ్రెజిల్‌లో చేసే ట్రామోంటినా మచేటీ. రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల పలచటి కార్బన్ ఉక్కు. పచ్చి తుప్పలకు దీన్ని మించింది లేదు, కట్టెలు చీల్చడానికి చాలదు. దీనికి వచ్చే అంచు పేరుకే అంచు. కొన్న రోజున ఆకురాయితో పావుగంట కూర్చుని ఒక్కోవైపు 20 డిగ్రీలకు దించాలి. ఆ పని చేయకుండా ‘మొద్దుగా ఉంది’ అని తిట్టేవాళ్లే ఎక్కువ. కట్టెలు కూడా చీల్చాలంటే ఎల్ సాల్వడార్‌లో తయారయ్యే కాండార్ కంపెనీ కత్తులు చూడండి. 1075 ఉక్కు, ఎనిమిదిన్నర అంగుళాల హడ్సన్ బే రకం మీ పనికి దగ్గరగా ఉంటుంది. కేబార్ కంపెనీ బెకర్ బీకే-9 తొమ్మిదంగుళాల పైచిలుకు అలుగుతో, 1095 తరహా ఉక్కుతో చాలామంది మెచ్చినది. ధర మీ వంద దాటొచ్చు, చూసుకోండి. అదే వరసలో బీకే-2కు అలుగు ఐదుంపావు అంగుళాలే, మందం మాత్రం పావంగుళం. పొట్టిగా, బరువుగా ఉండి నరకడానికీ రాదు, కోయడానికీ రాదు. దాన్ని మెచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. మేం మాత్రం వాళ్లలో లేం.

వంటపని కూడా ఈ కత్తితోనే కానిద్దాం అనుకోకండి. స్వీడన్ మోరా కంపానియన్ వంటి నాలుగంగుళాల చిన్న కత్తి పక్కన ఉంటే పెద్దదాని అంచు పదికాలాలు నిలుస్తుంది.

ప్రశ్న: కొబ్బరితోటలో వాడే కత్తి నాలుగు రోజులకే తుప్పు పడుతోంది. స్టెయిన్‌లెస్ కొనాలా?
– ఎస్., రాజోలు

మీ గాలిలో ఉప్పుంది, చేతికి బొండాం నీళ్లు తగులుతుంటాయి, తుప్పు రాకపోతేనే ఆశ్చర్యం. అయినా చవక స్టెయిన్‌లెస్‌కు మారమని చెప్పం. 420 తరగతి ఉక్కు తుప్పు పట్టదు, పదునూ పట్టదు. మంచి స్టెయిన్‌లెస్‌ను పెద్ద అలుగుగా చేస్తే ధర మీరనుకున్నదానికి నాలుగింతలవుతుంది. డీ2 రకం చవకగా వస్తోంది, కానీ అది దెబ్బకు చిట్లే ఉక్కు. చిన్న కత్తికి సరే, నరికే కత్తికి కాదు.

పని అవగానే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు ఎండలో పెట్టి, కొబ్బరినూనె ఒక్క చుక్క అలుగు పొడవునా రాయండి. నెలల తరబడి దాచేటప్పుడు కుట్టుమిషన్ నూనె మేలు. వేరుశనగ నూనె ఎండి జిగురవుతుంది. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు చెమ్మ పీలుస్తుంది, అందులో తోలు పదును చేసిన రసాయనాలు ఉంటాయి. నాలుగు నెలల తర్వాత తీస్తే అలుగు మీద ఒర అచ్చు ఎర్రగా దిగి ఉంటుంది. మామిడికాయ, చింతకాయ కోస్తే అలుగు నల్లబడుతుంది, అది తుప్పు కాదు, భయపడొద్దు. కడగకుండా రాత్రంతా వదిలేస్తే మాత్రం అంచులో సూదిమొనంత గుంటలు పడతాయి.

ప్రశ్న: పెద్ద కత్తికి సాన పట్టడం ఎలా? చిన్న కత్తిలా రాయి మీద రుద్దితే వంకరటింకరగా వస్తోంది.
– జి.ఎల్., మంచిర్యాల

పెద్ద కత్తి రాయి మీదికి రాదు, రాయే కత్తి దగ్గరికి వెళ్లాలి. అలుగును బల్ల అంచు మీద పడుకోబెట్టి, పిడిని మోకాలితో అదిమి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయిని చేత్తో పట్టుకుని అంచు మీద నడపండి. రాయి వెనక వేళ్లు అంచు దాటి బయటికి రాకుండా చూసుకోండి.

కోణం కుదరడానికి చిట్కా: 45 మి.మీ. వెడల్పున్న అలుగును రాయి మీద పెట్టి, వెన్నును 15 మి.మీ. లేపితే సుమారు 20 డిగ్రీలు. ఒక రూపాయి బిళ్ళలు పది పేర్చితే దాదాపు ఆ ఎత్తే వస్తుంది. చేతికి ఆ వాలు అలవాటయ్యాక బిళ్ళలు తీసేయండి. అంచు పక్కన మార్కర్ పెన్నుతో నల్లగా పూసి రెండు రుద్దులు రుద్ది చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో రంగు పోయిన చోటు చెబుతుంది. వంకరటింకర రావడానికి అసలు కారణం అదే: మొన దగ్గర వంపులో చెయ్యి లేవకపోవడం.

గరుకు ముఖంతో ఒకే వైపు, రెండో వైపు అంచు పొడవునా వేలికి సన్నని ఈనె గరుగ్గా తగిలేదాకా రుద్దాలి. మధ్యలో వైపు మార్చకండి. తర్వాత అటువైపు కూడా అంతే. ఆపైన నున్నటి ముఖంతో చెరో పది, చెరో ఐదు, చెరొకటి. అక్కడ ఆపండి. నరికే కత్తికి అద్దంలా మెరిసే అంచు అనవసరం, మొదటి కొమ్మతోనే పోతుంది. బజారులో సైకిల్ సానవాళ్ల దగ్గర పట్టిస్తే నీళ్లు తడుపుతూ పట్టమనండి. నిప్పురవ్వలు ధారగా లేస్తూ అంచు మీద నీలిరంగు కనిపించిందంటే కొలిమిలో పట్టించిన పదును ఆ చోట పోయింది. ఆ నీలం అంతా అరిగేదాకా రాయి మీద తీయడం ఒక్కటే దారి.

ప్రశ్న: కత్తి బాగుంది గానీ ఒర లేదు. ఏం చేయాలి?
– ఎన్., తణుకు

పీవీసీ పైపుతో చేసుకోవచ్చు. 45 మి.మీ. వెడల్పున్న అలుగుకు 40 మి.మీ. పైపు, అలుగు కన్నా రెండంగుళాలు ఎక్కువ పొడవు. కత్తినే అచ్చుగా పెట్టకండి, బిగుసుకుంటుంది. అలుగు కన్నా ఒక మిల్లీమీటరు లావుగా, అదే ఆకారంలో చెక్కముక్క చేసుకోండి. పైపును హాట్ ఎయిర్ గన్‌తో తిప్పుతూ వేడిచేస్తే వడియంపిండిలా మెత్తబడుతుంది. మంట మీద నేరుగా పెడితే మాడి ఘాటైన పొగ వస్తుంది, అది పీల్చకూడదు. మెత్తబడ్డాక చెక్కముక్క లోపల పెట్టి, రెండు పలకల మధ్య నొక్కి, చల్లారేదాకా ఎవరినైనా పైన నిలబడమనండి. కింది చివర నొక్కి రెండు రివిట్లు కొట్టండి. రివిట్ల పక్కనే చిన్న రంధ్రం వదలండి, లోపల చేరిన నీళ్లు దాంట్లోంచి కారిపోతాయి. నోటి దగ్గర ఒక్క సెంటీమీటరు మళ్లీ వేడిచేసి పిడి మొదలు చుట్టూ వేళ్లతో నొక్కితే, కత్తి తలకిందులుగా పట్టుకున్నా జారదు.